ఐసు దిమ్మ నడిమి ముక్క

సముద్రం గడ్డకడితే ఆ మంచు అంత ఉప్పగా ఉండదంటే మా పిల్లలు నమ్మలేదు. అరవైల మొదట్లో గుంటూరులో ఒక హైస్కూల్లో సైన్సు చెప్పేవాణ్ణి.

"మరి ఉప్పెక్కడికి పోద్దండీ?" అని ఒకడు లేచి అడిగాడు.

చూపిద్దామని ఆదివారం చీరాల వెళ్ళి, వాడరేవులో డబ్బాడు సముద్రపు నీళ్ళు పట్టుకొచ్చాను. గుంటూరులో మిరపకాయల కొట్ల వెనక ఐసు ఫ్యాక్టరీ ఉండేది. దాని యజమాని నవ్వాడు.

"సముద్రాన్ని ఐసు చెయ్యమంటారా మాస్టారూ! సరే, ఇటివ్వండి."

మర్నాడు సాయంత్రం వెళ్తే ఆ దిమ్మ తీయించి పగలగొట్టించాడు. చుట్టూ సన్నటి సూదులు అల్లుకున్నట్టు తెల్లటి మంచు, నడుమ గడ్డకట్టని నీళ్ళు. అంచు ముక్క నాలిక్కి కాస్త ఉప్పగా తగిలింది. నడిమి నీళ్ళు నోట్లో పెట్టుకోలేకపోయాను. నీరు గడ్డకడుతూ ఉప్పును మిగతా నీళ్ళలోకి నెట్టేస్తుంది. నా కళ్ళముందే నెట్టింది.

ఆ సంబరంలో ఉండగానే పక్కన పనివాళ్ళు అమ్మకానికి కొడుతున్న దిమ్మ చూశాను. అంచులు అద్దంలా ఉన్నాయి. నడుమ పచ్చటి మడ్డి. అందులో మిరప దుమ్ము, వెంట్రుకల ఉండ, ఒక బొద్దింక కాలు. మూతలేని తొట్టిలో నీళ్ళవి. ఉప్పును నెట్టినట్టే మంచు మురికినంతా నడిమికి నెట్టేసింది.

"ఆ నడిమి ముక్క పారేయించండి," అన్నాను.

"పారేయడమెందుకండీ? అంచులు పెళ్ళివాళ్ళకీ, ఆఫీసర్లకీ. ఇది పెదకాకాని షర్బత్తు బళ్ళకి. ఎర్రరంగు పోశాక ఏం కనపడుద్ది?" అని నాకొక గ్లాసు ఐసు నీళ్ళు అందించాడు. "మీకు అంచు ముక్కే వేయించాన్లెండి."

బొద్దింక కాలు కంటే ఆ మర్యాదే నాకు ఎక్కువ రోత పుట్టించింది. గ్లాసు అక్కడే పెట్టేసి, నా మంచు ముక్కల్ని ఊకలో చుట్టుకుని వచ్చేశాను.

మర్నాడు పిల్లలు వాటిని నాకి చూశారు. ధ్రువాల దగ్గర మంచు వదిలేసిన ఉప్పు కింది నీళ్ళలో కలుస్తుందనీ, చల్లగా బరువెక్కిన ఆ నీళ్ళు అడుక్కి దిగి దూర సముద్రాల దాకా పాకుతాయనీ, సముద్రాలన్నిటినీ కదిలించే వాటిలో అదొకటనీ చెప్పాను. తెల్లటి ఆ మంచు ఎండను వెనక్కి కొట్టి నీళ్ళను కాగనివ్వదనీ చెప్పాను. ఆపైన ఫ్యాక్టరీలో చూసిందీ చెప్పాను. ముందు వరసలో వాళ్ళు మొహాలు చిట్లించారు.

ఆ వారమే పెదకాకాని వెళ్ళి గుడి ముందు షర్బత్తు బండివాడికి సంగతంతా చెప్పాను. అతను తన చెంబులోంచి నీళ్ళు తాగి మూతి తుడుచుకున్నాడు.

"తెలుసండీ. అందుకే మేం తాగం."

పక్కనే ఒకావిడ, గుండు చేయించిన పసిదాని నోటికి ఎర్రటి గ్లాసు అందిస్తోంది.

"వద్దమ్మా, అది మురికి ఐసు," అన్నాను.

ఆవిడ గ్లాసులోకి చూసి, బండివాడి మొహంలోకి చూసి, ఉన్నదంతా కింద పారబోసింది.

"నా బేరం చెడగొట్టడానికొచ్చావా?" అని బండివాడు నా మీదికి లేచాడు. అతను అరుస్తూనే ఉన్నాడు, ఆవిడ వెనక నిలబడి అంతా విన్న పెద్దాయన తన గ్లాసు కోసం చెయ్యి చాపాడు.