ముహూర్తానికి రాని పడవ

రేవు కన్జర్వేటరుగా నా ఆఖరి పోస్టింగు, కృష్ణ సముద్రంలో కలిసే చోటుకు దగ్గర్లోని ఒక చిన్న రేవు. రిటైరు కావడానికి కొద్ది నెలల ముందు, చైత్రమాసంలో జరిగిన సంగతి ఇది. ఆ రోజు డైరీలో నాలుగు వాక్యాలే రాశాను. కోపం చల్లారాక మిగతాది రాద్దామనుకున్నాను. చల్లారలేదు కాబట్టి అలాగే రాస్తున్నాను.

కన్జర్వేటరు పని రేవులోకి వచ్చే దారి లోతు కొలిపించడం, దారి గుర్తుగా నీళ్ల మీద తేలే బోయాలు వాటి చోట్లలో ఉన్నాయో లేదో చూడడం, ఏ పడవ ఎప్పుడు లోపలికి రావచ్చో చెప్పడం. పైన పోర్టు ఆఫీసరు ఉంటారు, కానీ వేరే ఊళ్లో. మా రేవుకు పెద్ద బెడద నది నోటి దగ్గర, అంటే మొగ దగ్గర, పేరుకున్న ఇసుక మేట. పోటు మీద చాలినన్ని నీళ్లుంటాయి. పాటు మొదలైతే నీళ్లు తగ్గడమే కాదు, బయటికి లాగే ప్రవాహం లోపలికి వచ్చే అలను ఢీకొని మొగంతా నురగలు కక్కుతుంది. ఆ వేళకు మరపడవల వాళ్లు కూడా బయటే లంగరు వేసుకుంటారు.

బెంజ్ సర్కిల్ దగ్గర పళ్ల డాక్టరుగా పేరున్న గ్రేస్ కుమారి క్లినిక్ మూసేసి, తెరచాప పడవ నేర్చుకుని, ఆస్ట్రేలియా పడమటి తీరం నుంచి ఒంటరిగా హిందూ మహాసముద్రం దాటి వస్తున్నదని మాకు కబురు వచ్చింది. విదేశం నుంచి వచ్చే పడవలకు మా రేవులో ప్రవేశం లేదు. ఆమెకు సన్మానం చెయ్యడానికి ఏర్పడిన సంఘంవారు పైనుంచి ప్రత్యేక అనుమతి తెచ్చారు. కస్టమ్స్, ఇమిగ్రేషన్ వాళ్లను రేవుకే రప్పించారు. సంఘాధ్యక్షుడు చలపతిరావు గారికి హనుమాన్ జంక్షన్‌లో లారీల వ్యాపారం. ఆయన అంతకు ముందు సముద్రం చూసింది కార్తీక స్నానాలకే.

ఆయన పంచాంగం చూపించి, పడవ రేవులో అడుగుపెట్టడానికి ఉదయం లగ్నం ఒకటి పెట్టించారు. గ్రేస్‌ది ఆదివారం చర్చికి వెళ్లే కుటుంబం. ఆమెను ఎవరూ అడగలేదు. నన్నూ అడగలేదు. అడిగితే, ఆ లగ్నం సరిగ్గా పాటు మధ్యలో పడిందని చెప్పేవాణ్ణి.

ఆ ఉదయం షామియానా నిండింది. నిలువెత్తు ఫ్లెక్సీ మీద గ్రేస్ ఫోటో, కింద ‘సాహస నారి’ అని అక్షరాలు. బయట దూరంగా ఆమె తెరచాప కనిపిస్తోంది. నేను జెండా కొయ్యకు ప్రవేశం లేదనే ఎర్రజెండా ఎక్కించాను. చలపతిరావు గారు రేడియో గదిలోకి వచ్చారు.

“ఏంటండీ ఇది? శుభమా అంటూ ఎర్రజెండా ఏంటి? దించండి.”

పడవ అడుగున సీసం నింపిన పొడవాటి రెక్క ఉంటుందని, దాన్ని కీల్ అంటారని, మేటకు అది తగిలితే పడవ అడ్డం తిరిగి అలల కింద పడుతుందని, పడవలో ఉన్నది ఒక్కతేనని చెప్పాను.

“అంత సముద్రం దాటొచ్చిన పిల్లకి ఈ పిల్లకాలవ లెక్కా అండీ?” అని నా చేతిలోంచి రేడియో లాక్కున్నారు. “అమ్మా గ్రేస్, ముహూర్తం దాటిపోతంది. మంత్రిగారు కూచున్నారు. వచ్చెయ్యమ్మా!”

అదే సమయానికి పోర్టు ఆఫీసరు ఫోను చేసి, కాస్త సర్దుకోమన్నారు. ఇసుక మేటను ఎలా సర్దాలో ఆయన చెప్పలేదు.

రేడియోలో గ్రేస్ గొంతు వినిపించింది. “కన్జర్వేటరు గారున్నారా అండీ? పోటెప్పుడు?”

రేడియో తిరిగి అందుకుని, సాయంత్రం అన్నాను.

“అయితే సాయంత్రమే వస్తా. మజ్జిగ ఉంచమనండి.”

లగ్నం వృథా కాకూడదని చలపతిరావు గారు కొబ్బరికాయ కొట్టించి, తెచ్చిన గజమాలను ఫ్లెక్సీ మీది ఫోటోకు వేయించారు. జనం చప్పట్లు కొట్టారు. చదువుకున్నవాళ్లూ కొట్టారు. ముందు వరసలో ఉన్న గ్రేస్ తల్లి మార్తమ్మ గారు మాత్రం లేచి వేదిక ఎక్కారు.

“ఏవయ్యా, నా పిల్ల అక్కడ నిక్షేపంగా ఉంటే ఫోటోకి దండేస్తావా? కళ్లు కనపడతన్నాయా నీకు?”

“సన్మానమమ్మా...”

“సన్మానమైతే మెళ్లో వెయ్యి. అది వచ్చేదాకా ఆగలేవా?” అంటూ ఆవిడ దండ లాగేస్తే ఫ్లెక్సీ కూడా సగం చిరిగింది. మంత్రిగారు ఎక్కడో పెళ్లి ఉందని వెళ్లిపోయారు.

సాయంత్రం పోటు నిండాక ఎర్రజెండా దించాను. గ్రేస్ తెరచాపలు చుట్టి, ఇంజను నెమ్మది మీద, బోయాల మధ్యగా వచ్చి జెట్టీకి తాడు విసిరింది. సముద్రం దాటిన పడవ రేవుకు చేరేసరికి అక్కడ షామియానా కర్రలు పీకే వాళ్లు, మార్తమ్మ గారు, రేవు సిబ్బంది మేము మాత్రమే మిగిలాం. కారులో నిద్రపోయి లేచిన చలపతిరావు గారు శాలువా పట్టుకుని వచ్చారు.

“అన్ని సాహసాలు చేసి, గుమ్మంలో భయపడ్డావేంటమ్మా?”

“భయపడబట్టే ఇక్కడిదాకా వచ్చానండీ.”

“పోన్లే. క్లినిక్ మళ్లీ ఎప్పుడు తెరుస్తావు?”

తెరవనని, కీల్ ఒకసారి చూపించుకుని లంక మీదుగా ఆఫ్రికా వైపు పోతానని చెప్పింది. మార్తమ్మ గారు కూతురికి మజ్జిగ గ్లాసు అందించి, “పోతే పో. తిరిగొచ్చేటప్పుడు మాత్రం ఈయనకి చెప్పమాక” అన్నారు.

మొగ దగ్గర నిర్ణయం చెయ్యవలసింది లోతు కొలిచినవాడు, చుక్కాని పట్టినవాడు. మూడోవాడికి అక్కడ పని లేదు. సాహసం ఎంచుకున్నది ఆమె. దాన్ని ఎప్పుడు, ఎంత చెయ్యాలో షామియానా కింద కూర్చుని చెప్పడం ఆమె ప్రాణంతో ఆడుకోవడమే. ఆ మర్నాడు రేడియో గదికి లోపలి గడియ పెట్టించాను. నేను రిటైరయ్యేదాకా లోపల కూర్చున్నప్పుడల్లా అది వేసే ఉంచాను.