పుట్టింటికి పోయినవాళ్లందరూ క్షేమం

ఏళ్ల తరబడి ఒక మాట గొంతులో పెట్టుకుని తిరుగుతున్నాను. మింగలేను, కక్కలేను. మీరెవరో నాకు తెలియదు, అందుకే మీకు చెబుతున్నాను. తెలిసినవాళ్లకు చెప్పి చూశాను. నవ్వారు.

నేను కర్నూలులో డాక్టరును. గర్భిణుల గుండెజబ్బుల మీద పరిశోధన చేసిన మనిషినని పేరు. సభల్లో నన్ను వేదిక మీదికి పిలిచేముందు నా పేపర్ల గురించి చదువుతారు, గుండె మీద ఇన్ని, కాన్పుల మీద ఇన్ని అని. వింటుంటే ఒళ్లు మండుతుంది. వాటిలో మొట్టమొదటిది, అందరూ తెగ మెచ్చుకునేది, అబద్ధం.

గుండె కవాటం కాస్త ఇరుకైన ఆడవాళ్లు తొమ్మిది నెలలూ ఇబ్బంది లేకుండా గడిపి కన్నారంటే చాలు, ఆ తర్వాత గుండెకు ప్రత్యేకంగా పరీక్షలు అక్కర్లేదు. ఆ పేపరు చెప్పేది ఇదే, అది రాయకముందు నుంచీ నా దగ్గరికొచ్చే గర్భిణులకు నేను చెప్పిందీ ఇదే. ఎలా తేల్చాను? కాన్పయ్యాక ఎలా ఉన్నారో కనుక్కున్నాను. ఎవరిని? వాళ్ల అత్తింటివాళ్లను! మా దగ్గరున్న ఫోన్ నంబర్లన్నీ మొగుళ్లవి. మన సీమలో తొలికాన్పుకు పిల్ల పుట్టింట్లో ఉంటుందని నాకు తెలియదా? నేను మాత్రం ఎక్కడ కన్నాను, కడపలో మా అమ్మ దగ్గర కాదూ? అయినా ఫోన్ చేశాను. కాన్పయిందంట, పుట్టింట్లోనే ఉంది, బాగలేకపోతే కబురు రాదా అన్నారు. సరే, క్షేమం అని రాసేశాను. తెలియదు అని రాయాల్సిన చోట. ఒక్కరికి కాదు, అలా పుట్టింటికి పోయినవాళ్లందరికీ. మళ్లీ ఎవరికీ ఫోన్ చేయలేదు.

ఇంతవరకూ బద్ధకం అనుకోండి. బద్ధకమే అయితే ఈపాటికి మర్చిపోయేదాన్ని.

పేపరు వేసుకుంటామని వైద్య పత్రికవాళ్లు చెప్పారు, ఇంకా అచ్చు కాలేదు. నా ప్రమోషన్ దానికోసమే ఆగి ఉంది. అప్పుడొచ్చింది ఎస్తేరమ్మ, కడప దగ్గరి పల్లె నుంచి, కడుపుతో ఉన్న చిన్నకూతుర్ని వెంటబెట్టుకుని. పెద్దకూతురు సలోమి నా పరిశోధనలో ఉన్న పిల్ల. పెద్దది ఎలా ఉందమ్మా అని అడిగాను. నవ్వుతూ అడిగాను, ఖర్మ.

"ఇంగ యాడుండాది మేడమ్. కాన్పయిన కొన్నాళ్లకు ఆయాసమొచ్చి పాయె."

"మరి ఆయాసం రాగానే ఎందుకు తీసుకురాలేదు?"

"పిలుచుకోని పోదామంటే అదే వద్దనె మేడమ్. కాన్పయితే సాలు, గుండెకేం భయం లేదని మేడమ్ సెప్పిండాది, నువ్వూరికే కంగారు పడతావు అనె. మీ మాటంటే దానికి శానా గురి. ఈ చిన్నదాన్ని గూడా మీరే సూడాల."

నన్ను ఒక్క మాట అనలేదు ఆమె. కళ్లు తుడుచుకుని కూతుర్ని నా ముందు కూర్చోబెట్టింది.

ఆ రోజే పత్రికకు రెండు ముక్కలు రాసి ఉంటే పేపరు ఆగిపోయేది. రాయలేదు. ఒక్క పిల్లతో లెక్క మారదులే అనుకున్నాను. నిజంగా అలా అనుకున్నానా, లేక ప్రమోషన్ చేజారుతుందని భయపడి ఆ మాటను అడ్డం పెట్టుకున్నానా? భయపడ్డాను. పోయింది ఆ ఒక్క పిల్లేనని మాత్రం నాకెవరు చెప్పారు? ఎవరినీ అడగలేదుగా! ఇక అక్కలాగే కవాటం ఇరుకైన చిన్నదానికి కాన్పయ్యాక నెలనెలా కబురుపెట్టి పిలిపించి, దగ్గరుండి గుండె స్కాన్ తీయించాను. పేపర్లో అక్కర్లేదన్నది ఆ పిల్లకు మాత్రం కావాల్సి వచ్చింది. అంటే తెలిసే చేశాను. ప్రొఫెసర్‌నీ అయ్యాను.

మొన్న ఓపీలో కవాటం ఇరుకైన ఒక బాలింత, పడుకుంటే ఊపిరాడటం లేదంటోంది. మా జూనియర్ డాక్టరు, నిద్రలేక అలా ఉంటుందిలేమ్మా అని ఇంటికి పంపేస్తున్నాడు. ఇదేమయ్యా అంటే, మీ పేపర్లోనే ఉంది కదా మేడమ్ అన్నాడు. అందరి ముందూ అరిచాను, ఆ పేపరు తప్పు, నేనే తప్పు రాశానని. బాలింతను వెంటనే అడ్మిట్ చేయించాను. అతనేమో బయటికి పోయి, మేడమ్‌కు ఎంత పేరొచ్చినా గర్వం లేదు అని చెప్పుకున్నాడట. ఏం చేయను వీళ్లను? తప్పు చేశానన్నా దండలు వేస్తారు!

అందుకని పత్రికకే రాశాను. ఆ పేపరు తీసేయండి, క్షేమం అని రాసిన వాళ్లలో ఒక పిల్ల చనిపోయింది, మిగతావాళ్ల సంగతి నేను కనుక్కోలేదు, పిల్ల పోయిందని అచ్చుకు ముందే తెలిసినా దాచాను అని. ఇంకా జవాబు రాలేదు. రాసి పంపాక గుండె కాస్త తేలికపడిన మాట నిజమే. సిగ్గులేకపోతే సరి.

ఎస్తేరమ్మకు మాత్రం చెప్పలేదు. చిన్నకూతురి బిడ్డకు ఒంట్లో బాగలేకపోయినా ఇప్పటికీ నా దగ్గరికే వస్తుంది. ఈసారి వస్తే చెబుతాను. తిడితే పడతాను, చెప్పు తీసుకుని కొట్టినా పడతాను. అంతా విని, పోనీలే మేడమ్, దాని రాత అంతే అంటుందేమో. నాకు ఆ భయమే ఉంది.