బొట్టు పెట్టి పిలిచాను

నాకు పుట్టుకతోనే చూపు లేదు. జాలి పడదలచుకున్నవాళ్లు ఈ వాక్యం దగ్గరే ఆ పని ముగించుకుని రండి, నేను చెప్పాల్సింది వేరే ఉంది.

ఉదయగిరి పక్కన ఒక హైస్కూల్లో సోషల్ చెబుతాను. పాఠం చదువుకోవాలన్నా, హెడ్మాస్టరు పంపిన మెసేజీ ఏమిటో తెలియాలన్నా నా ఫోన్లో ఒక గొంతు ఉంటుంది. తెర మీది తెలుగును అది పైకి చదువుతుంది. ఎవరూ అమ్మింది కాదు, నేను కొన్నదీ కాదు. ఎక్కడెక్కడో ఉన్న మనుషులు జీతం బత్తెం లేకుండా, ఆఫీసు పని అయ్యాక కూర్చుని రాసిన సాఫ్ట్‌వేర్. దాని కోడ్ అందరికీ తెరిచే ఉంటుంది. ఎవరైనా చూడొచ్చు, తప్పుంటే దిద్దొచ్చు. కంపెనీల గొంతులు లేకపోలేదు. సీతారామపురం బస్సెక్కాక సిగ్నల్ పోయిందంటే నా ఫోన్లో అవి నోరు మూసుకుంటాయి. మాది మూసుకోదు.

అది రాకముందు నాకొచ్చిన ప్రతి మాటా ఇంకొకరు చదివాకే నా చెవిన పడేది. నాకు ఉద్యోగం వచ్చిన సంగతి మా వదిన చదివింది, వీధంతా చెప్పింది, ఆఖరున నాకు చెప్పింది. మళ్లీ ఆ రోజుల్లోకి పొమ్మంటే నేను పోను.

అలాంటిది, ఒక మీటింగులో ఆ గొంతును మొదలుపెట్టిన హైదరాబాదు ఆయన ఇక ఆపేద్దామన్నాడు. మీటింగంటే మేం ముగ్గురం ఫోన్లో మాట్లాడుకోవడమే. కోడ్ రాసేది ఆయనా, బెంగళూరులో ఇంకొకాయనా. గొంతు ఎక్కడ తప్పు చదివిందో పట్టుకునేది నేను. బెంగళూరాయనకు కవలలు పుట్టారు, ఈయనకు ఆఫీసు పని పీకల దాకా ఉంది. కొన్నాళ్లలో ఫోన్లకు కొత్త వెర్షన్ వస్తుందట. దానికి తగ్గట్టు కోడ్ మార్చకపోతే మా గొంతు మూగబోతుంది. కొత్తవాళ్లు వస్తే సరేసరి, రాకపోతే ఇంతటితో వదిలేద్దామని ఆయన మాట. ఆయన మంచివాడే, అలసిపోయాడు. కానీ ఆయన అలసట నా నోటికాడి కూడు లాగేస్తుంటే పాపం అనుకుని ఊరుకునేంత మంచిదాన్ని కాను నేను. మనుషుల్ని నేను తెస్తానన్నాను.

ఆత్మకూరులో ఒక డిగ్రీ కాలేజీకి వెళ్లి మాట్లాడాను. నన్ను పరిచయం చేసిన లెక్చరరు పొగిడి పొగిడి, మేడమ్ లాంటివాళ్లకు సేవ చేసుకునే భాగ్యం మనకు దక్కిందన్నాడు. అక్కడే నా పని చెడింది. సేవ ఎవరికి కావాలి? నాకు కోడ్ కావాలి. పిల్లలు చప్పట్లు కొట్టారు. సర్టిఫికెట్ ఇస్తారా అని ఒకడు అడిగాడు. గ్రూపు పెట్టి లింకు పంపితే దాన్నిండా దండాల బొమ్మలు వచ్చిపడ్డాయి. నా గొంతు ఒక్కదాన్నీ వదలకుండా "జోడించిన చేతులు, జోడించిన చేతులు" అని చదువుకుంటూ పోయింది. ఆ చేతుల్లో ఒక్కటీ కీబోర్డు మీదికి రాలేదు.

తర్వాతి మీటింగులో ఇదంతా చెబితే హైదరాబాదు ఆయన నీరసంగా నవ్వాడు.

"తలుపులు బార్లా తెరిచే పెట్టాం కదండీ. రావాలనుకున్నవాళ్లు వస్తారు. ఒక్కొక్కరినీ బొట్టు పెట్టి పిలవాలా ఏంటి?"

అందరూ అనే మాటే. నాకు మాత్రం ఒళ్లు మండిపోయింది.

మా ఊళ్లో పెళ్లికి పిలవాలంటే ఆడవాళ్లు కుంకుమ భరిణె పట్టుకుని ఇంటింటికీ వస్తారు. మా ఇంటికీ వచ్చేవాళ్లు. అమ్మకు పెట్టేవాళ్లు, వదినకు పెట్టేవాళ్లు, ఇంకా బడికి కూడా పోని మా చెల్లెలికి పెట్టేవాళ్లు. పక్కనే మంచం మీద కూర్చున్న నన్ను దాటిపోయేవాళ్లు. భరిణె మూత పడిన చప్పుడు నాకు వినిపించేది. గడప దిగుతూ "నువ్వూ రామ్మే" అని ఒక మాట పడేసేవాళ్లు. నన్ను రావద్దన్నవాళ్లు ఎవరూ లేరు, పెళ్లిపందిరికి తలుపులూ లేవు. అయినా నేను ఒక్క పెళ్లికీ పోలేదు. పిలవని పేరంటానికి పోయే రకాన్ని కాను.

"పిలవాల్సిందేనండీ. నేను పోయి పిలుస్తాను," అన్నాను.

కంప్యూటరు పనికి బొట్టేందిమే, నవ్వతారు అంది మా అమ్మ. నవ్వనీ అన్నాను.

కంప్యూటర్లు చదివి ఇంట్లో కూర్చున్న ఆడపిల్లలు ఆత్మకూరులో వీధికొకరు ఉంటారు. ఆ లెక్చరరు చేతే వాళ్ల ఇళ్ల గుర్తులు చెప్పించుకుని, ఆదివారం పొద్దున్నే బస్సు దిగి ఆటో మాట్లాడుకున్నాను. మొదటి ఇంటి పిల్ల బొట్టు పెట్టించుకుని, మా ఆయన్ని అడిగి చెప్తానంది. ఆ ఆయన ఇంకా ఆలోచిస్తూనే ఉన్నాడు. రెండో ఇంటి పిల్ల చదివిందంతా మర్చిపోయానంది. కోడ్ సంగతి తర్వాత, ముందు దీన్ని విను అని ఫోన్ చేతికిచ్చాను. రూపాయలకు బదులు ఉత్త "రూ" అని చదివి ఊరుకునే గొంతును విని ఆ పిల్ల పకపకా నవ్వింది. నవ్వుతూనే ఇంకో రెండు తప్పులు పట్టుకుంది. అదే పని, రోజూ చెయ్యి అన్నాను.

మూడో ఇంట్లో తల్లి కుర్చీ వేసింది. కూతురు చెన్నైలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసి వచ్చిన మనిషి. నేను సంగతి చెబుతుంటే ఆ అమ్మాయి అడిగిన ప్రశ్నలే వేరు. కొత్త వెర్షన్‌లో ఏం మారుతోంది, మార్చిన కోడ్‌ను ఎట్లా పరీక్షిస్తున్నారు అని అడిగింది. నాకు ప్రాణం లేచొచ్చింది. ఇన్నాళ్లకు దొరికింది అనుకుని, వేలికి కుంకుమ అద్దుకుని చెయ్యి చాపాను. తల్లి నా మణికట్టు పట్టుకుంది.

ఆ పిల్లకు వద్దని, గొంతు తగ్గించి అల్లుడు పోయిన సంగతి చెప్పింది. బండి మీద పోతుంటే లారీ గుద్దిందట. అప్పట్నుంచీ కూతురు గడప దాటడం లేదట, ఆ పిల్లను పిలిచేవాళ్లూ లేరట. చెప్పి, నా పరువు కాపాడటానికి తనే ఒక మాట అంది.

"పోనీలేమ్మా. నీకు కనపడక పెట్టబోయినావు. నీ తప్పేం ఉండాది."

ఈ సాకు నాకు కొత్త కాదు. కనపడదు కాబట్టి తెలియదు, తెలియదు కాబట్టి తప్పు లేదు. పుట్టినప్పట్నుంచీ జనం నాకిస్తున్న రాయితీ ఇది. తీసుకుని చెయ్యి వెనక్కి లాక్కుంటే అందరికీ మర్యాదగా ఉండేది. భయం కూడా వేసింది. వాళ్లు నన్ను పొమ్మంటే ఈ అమ్మాయి పోయినట్టే, ఈ అమ్మాయి పోతే నా గొంతు పోయినట్టే. అయినా ఆ రాయితీ తీసుకోబుద్ధి కాలేదు.

"కనపడక కాదమ్మా," అన్నాను. "మీరు చెప్పినారు, నేను విన్నాను. ఇప్పుడు తెలిసే పెడతా ఉండాను. ఆమె వద్దంటే మానుకుంటా."

నా మణికట్టు మీది చెయ్యి వదలనూ లేదు, బిగించనూ లేదు. ఎదురుగా కుర్చీ జరిగింది. నా వేలికి నుదురు తగిలింది. నేను వెతుక్కోలేదు, ఆ అమ్మాయే తెచ్చి ఆనించింది. తల్లి ఏడ్చింది.

"కోడ్ ఎక్కడుండాదక్కా?" అంది అమ్మాయి.

కొత్త వెర్షన్ అనుకున్నదానికంటే ముందే వచ్చి నా ఫోన్ మూగబోయింది. ఇటివ్వు చదివి పెడతానని స్టాఫ్ రూములో అందరూ అడిగారు. ఎవరికీ ఇవ్వలేదు. ఆ అమ్మాయి కోడ్ మార్చి పంపింది, హైదరాబాదు ఆయన బాగాలేదని తిప్పి పంపాడు. ఎందుకు బాగాలేదో చెప్పమని ఆమె వాదనకు దిగింది, చివరికి ఆయనే తగ్గాడు. ఒక సాయంత్రం నా ఫోన్ నోరు తెరిచింది. మొట్టమొదట చదివింది మెసేజీలకు బదులివ్వనందుకు హెడ్మాస్టరు పెట్టిన చీవాట్లు. అంత తియ్యటి తిట్లు నేను ఎన్నడూ వినలేదు. ఆపేద్దామన్న మాట మీటింగుల్లో మళ్లీ రాలేదు.

కానీ పని పెరిగింది, మనుషులు చాలలేదు. పోయిన నెలలో ఆ అమ్మాయి తనతో చదివిన పిల్లను పిలుస్తానని ఒక్కతే కలువాయి పోయింది. తిరుగు బస్సులోంచి నాకు ఫోన్ చేసింది.

"వాళ్లత్త గడప దగ్గరే నిలబెట్టినాదక్కా. నీలాంటిది బొట్టు పెట్టేదేంది అనింది."

"నువ్వేమన్నావు?"

"నేను అనే పని పడలేదు. ఆ పిల్లే గడప దాటి బయటికొచ్చి పెట్టించుకునింది. రేపట్నుంచి పనిలోకి వస్తాది."