పెళ్లికొడుకు జేబులో బ్యాటరీ

నా డిగ్రీ అయిన ఏడాది, నర్సీపట్నంలో మా ఇంట్లో నాకు పెళ్లిచూపులు. "మావోడు సిగరెట్టు ముట్టడండీ," అని పెళ్లికొడుకు తల్లి మా నాన్నతో గర్వంగా చెబుతుండగానే అతని ప్యాంటు జేబులోంచి పొగ లేచింది. అతను కెవ్వుమని పెరట్లోకి పరుగెత్తి, అందరి ముందే ప్యాంటు విప్పి విసిరేశాడు.

అదృష్టం, తొడ కాస్త కమిలిందంతే. మా నాన్న ఇచ్చిన లుంగీ చుట్టుకుని వచ్చి సంజాయిషీ మొదలుపెట్టాడు.

"బేటరీతో పొగొచ్చే ఈ-సిగరెట్టు ఇంట్లోనే దాచీసినానండి, దాని బేటరీ జేబులో మరిసిపోనాను. పేలకూడదని బోలెడు వీడియోలు సూసి మంచిదే కొన్నానండి. జేబులో తాళాలు తగిలి షార్టయి కాలిపోనాది."

వాళ్లమ్మ ముఖం వెలిగిపోయింది. "సూసేరా, సిగరెట్టు కాదు కదండీ!"

నాకు నవ్వాగలేదు. ఆ నవ్వుతోనే సంబంధం ఖాయమైపోయింది. ఇప్పటికీ మా అత్తగారు కొడుక్కి ఫలానా అలవాటు లేదనగానే, నేను ముందు ఆయన జేబులు తడిమి చూస్తాను.