నేను మార్చిన నల్లమందు ఉండలు

మా మామ పొద్దున ఒకటి, పొద్దుగూకే ముందు ఒకటి, శనగగింజంత నల్లమందు ఉండ మింగేవాడు. మింగిన అరగంటకు ఆయనంత మంచి మనిషి చుట్టుపక్కల ఊళ్లల్లో ఉండేవాడు కాదు. జీతగాళ్లను ఒక్కొక్కరినే పిలిచి బాగోగులు అడిగేవాడు. ఎద్దుల మెడ నిమిరేవాడు. వయసులో ఉన్నప్పుడు కృష్ణను ఈదుకుంటూ అవతలి ఒడ్డుకు పోయిన కథ చెప్పేవాడు. నేను కాపురానికి వచ్చిన రెండేళ్లలో ఆ నది మూడింతలు వెడల్పయింది.

ఉండ ఆలస్యమైతే మాత్రం ఆవులింతలు, ముక్కు కారడం, కసుర్లు. అప్పుడు మా అత్త నిలబడ్డా తప్పే, కూర్చున్నా తప్పే.

మాది ఆత్మకూరుకు బండి మీద ఒక పూట ప్రయాణమయ్యే పల్లె. పోలీసు యాక్షన్ రోజులవి. నా భర్త ఏదో పని మీద కర్నూలు వైపు పోయి, దారులు మూతపడడంతో అక్కడే చిక్కుకున్నాడు. ఇంట్లో అత్త, మామ, నేను. ఆత్మకూరులో నల్లమందు అమ్మే సర్కారు దుకాణానికి తాళం పడింది. మామ డబ్బీలో మిగిలినవి నాలుగే ఉండలు. నైజాం లొంగిపోయాడని కబురు తెచ్చిన మనిషి వాకిట్లో ఎగిరి గంతులేస్తుంటే, మామ అంతా విని, "మరి దుకాణం ఎప్పుడు తెరుస్తరంట?" అని అడిగాడు.

ఆ వారంలోనే ఒక మధ్యాహ్నం హకీం సాబు మా ఇంటికి వచ్చాడు. ఆత్మకూరులో యునానీ మందులిచ్చే ముసలాయన. చంకలో మందుల పెట్టె, మోకాళ్ల దాకా బురద. రజాకార్ల మీది కోపం ఏ పాపం ఎరుగని ముస్లిముల మీదికి మళ్లిన రోజులవి. ఆయన కొట్టును ఎవరో పగలగొట్టారు. పొలాల వెంబడి నడిచి వచ్చాడు. మామ ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. లోపలి అర్రలో మంచం వేయించి, "అన్నీ సల్లవడ్డంక పోదువు, ఈడనే ఉండు" అన్నాడు.

ఇంత మంచిగా అన్నాక, ఆయన చూపు మాత్రం నేరుగా మందుల పెట్టె మీదికి పోయింది.

"హకీం సాబ్, గా పెట్టెల నల్లమందు ఉన్నదా?"

హకీం సాబు దాచలేదు. "ఉన్నది పటేలా. నువ్వు ఇప్పటి లెక్కన మింగితే నెల దినాలొస్తది. జర జర తగ్గిస్తే మూడు నెలలొస్తది. దుకాణం మల్ల ఎప్పుడు తెరుస్తరో నాకు ఎరుక లేదు. ఒక్కసారే బందైతే నీ పానం తట్టుకోదు. ఎట్ల జేద్దాం, నువ్వే చెప్పు."

మామకు ఇది నచ్చలేదు. తనకు నీడనిచ్చినవాడికి పెట్టె మొత్తం ఇచ్చేస్తాడనుకున్నాడు కాబోలు. రెండు రోజులు అలిగి, చివరకు తగ్గించడానికే ఒప్పుకున్నాడు.

రోజూ పొద్దున హకీం సాబు ఉండలు చేసి ఇత్తడి మూతలో పెట్టేవాడు. నేను పాలతో పాటు తీసుకుపోయి మామకిచ్చేదాన్ని. మా అత్తకు ఈ నిదానం గిట్టలేదు. ఒకరోజు వంటింట్లో హకీం సాబును నిలదీసింది.

"గట్ల దినాం ఆయన్ను అడుగుకుంట కూసుంటే ఈ జన్మల మానడు. మందు లేని ఉత్త ఉండలు జేసియ్యి. ఆయనకేం తెలుస్తది?"

"తెల్వకుండ ఇచ్చేది నాతోని కాదమ్మా" అన్నాడాయన. "పదేండ్ల కింద మోకాళ్ల నొప్పికి మొదటి ఉండ నేనే ఇచ్చిన. ఎప్పుడు ఆపాల్నో అప్పుడు చెప్పకపోతిని. ఇప్పుడు మల్ల దాసిపెడితే ఎట్ల?"

అత్త నన్ను పెరట్లోకి పిలిచింది. ఆ రోజు నుంచి ఉండలు చేసే పని నాకు వచ్చింది. మినపపిండి, బెల్లం, చేదుకు వేపాకు రసం, నలుపుకు పొయ్యి మసి. అసలు ఉండలు అత్త చింతపండు కుండలో దాచేది. నేను చేసిన మొదటి ఉండ మింగి మామ, "ఈసారి మందు నాజూకుగున్నది" అన్నాడు. ఆ ఇంట్లో నా చేతి వంటకు వచ్చిన మొదటి మెప్పు అదే. లోలోపల కొంచెం మురిసిపోయాను కూడా.

ఆ మురిపెం మర్నాటిదాకానే. మామకు చలి పట్టుకుంది. ఎండలో గొంగడి కప్పుకుని వణికాడు. కాళ్లు గుంజాయి, విరేచనాలు పట్టుకున్నాయి, తిన్నదల్లా కక్కాడు. హకీం సాబు నాడి చూసి, కళ్లు చూసి, "నేనిచ్చే మందుకు గిట్ల కావొద్దే" అని తల పట్టుకున్నాడు. మూడో రోజు సాయంత్రం మామ అత్తను పిలిచి, గోడ అవతలికి వినబడేలా చెప్పాడు.

"గా ముసలాయన నాకు ఇసం పెడుతున్నడు. రేపు పొద్దుగాల ఎల్లిపొమ్మను."

హకీం సాబు పెట్టె సర్దుకోవడం మొదలుపెట్టాడు. మేము చేసిన పనికి ఆయనను ఏ దారిలోకి తోలేస్తున్నామో నాకప్పుడు అర్థమైంది. అత్త వైపు చూశాను. ఆమె చింతపండు కుండ వైపు చూసింది. నేనే పోయి హకీం సాబుకు జరిగిందంతా చెప్పాను.

ఆయన పెట్టె మీదే కూర్చుండిపోయాడు. తిడతాడనుకున్నాను.

"మూడు దినాల సంది ఆయన సస్తున్న అనుకుంటున్నడు బిడ్డా. ఎందుకు గట్లయితున్నదో గుడ తెల్వదు. పోయి ఆయనకు చెప్పు."

"మీరు చెప్పుండ్రి హకీం సాబ్. నేను ఆయన మొకం జూసి ఎన్నడు మాట్లాడలే."

"నేను చెప్తే నా పానం కాపాడుకునేటందుకు చెప్పిన అనుకుంటడు. నువ్వే చెప్పాలె."

నిజమే, మామతో నేనెప్పుడూ తలుపు చాటు నుంచే మాట్లాడేదాన్ని. ఆ సాయంత్రం మొదటిసారి మంచం ముందుకు పోయి నిలబడ్డాను.

"మామా, హకీం సాబు తప్పేం లేదు. ఆయన ఇచ్చినయి నేను మార్చిన. గా ఉండలల్ల నల్లమందు లేదు."

"మరేమున్నది?"

"మినపపిండి, బెల్లం, వేపాకు రసం. పొయ్యి మసి."

మామ గొంగడి పక్కకు తోశాడు.

"మసి గుడనా?"

"నలుపు రావాలె గద మామా."

ఆయన మూతి ఒక పక్కకు వంకరపోయింది. నవ్వో, కోపమో తెలియలేదు. తర్వాత కళ్లలో నీళ్లు తిరిగాయి. "కొడుకును సూడకుండనే పోత అనుకున్న బిడ్డా. మీకు గా సంగతి తెలిసి గుడ ఊకున్నరా?" అన్నాడు. తలుపు చాటున అత్త ఏడుస్తున్నది. ఈసారి చాటున ఉండడం ఆమె వంతయింది.

మామ లేవలేక లేచి, గోడ పట్టుకుంటూ లోపలి అర్రలోకి పోయాడు. "పెట్టె సర్దకు హకీం సాబ్. నోరు జారిన" అన్నాడు. హకీం సాబు ముందు నల్లమందు ఇచ్చాడు, తర్వాతే మాట్లాడాడు.

ఆ మర్నాటి నుంచి పద్ధతి మారింది. ఉండ నా చేతుల మీదుగా పోవడం మానింది. వాళ్లిద్దరూ అరుగు మీద ఎదురెదురుగా కూర్చునేవాళ్లు. "ఈ దినం ఎంత పటేలా?" అని ఆయన అడగడం, సంతలో కోడెదూడను బేరమాడినట్టు ఈయన బేరమాడడం. కొన్ని రోజులు తగ్గేది. కొన్ని రోజులు మోకాళ్లు నొస్తున్నాయని పెరిగేది. పెరిగిన రోజు అత్త గిన్నెలు గట్టిగా పెట్టేది. హకీం సాబు అటు చూసేవాడు కాదు. మామ మాత్రం అత్త ఏ కూర వడ్డించినా, "దీంట్ల ఏమేమున్నయి?" అని అడిగి, ఆమె పోపు గింజలతో సహా చెప్పేదాకా ముద్ద ముట్టేవాడు కాదు. నెల రోజులు ఇదే తంతు. ఆమె కూడా నోరెత్తకుండా రోజూ చెప్పింది.

దీపావళి దాటేసరికి మందు జొన్నగింజంతకు దిగింది. నా భర్త తిరిగి వచ్చాడు. ఊళ్లు కొంత కుదుటపడ్డాక మామ తన బండిలోనే హకీం సాబును ఆత్మకూరుకు తీసుకుపోయాడు. కొట్టులో సీసాలన్నీ పగిలిపోయి ఉన్నాయట. అక్కడే రెండు రోజులుండి గాజు పెంకులు ఏరి, అలమరలు నిలబెట్టి వచ్చాడు.

జొన్నగింజ దగ్గర మామ ఆగిపోయాడు. అంతకన్నా దిగలేదు, పైకీ పోలేదు. కొన్నేళ్ల తర్వాత అత్త ఆత్మకూరు పోయినప్పుడు హకీం సాబును అడిగిందట, ఆ గింజ కూడా మాన్పించరాదా అని. "ఆయనను అడిగినవా అమ్మా?" అన్నాడట ఆయన. అత్త ఇంటికొచ్చి నిజంగానే మామను అడిగింది. ఆయన ఆలోచించి, వద్దన్నాడు. ఆమె సరేనని మోకాళ్లకు ఆముదం రాయడానికి కూర్చుంది.