అలకి వీపిచ్చిన పూట

నేను ఎనిమిదో తరగతిలో బడి మానేశానని మావాళ్లు గౌరవంగా చెబుతారు. నిజానికి బడే నన్ను మానేసింది. ఆ చదువుతోనే సింగపూరొచ్చి, ఓడలు బాగుచేసే యార్డులో కుదురుకున్నాను. ఇన్నేళ్లుగా ఓడల కిందే నా బతుకు. అయినా నాకు ఈత రాదు. నవ్వకండి. ఓడ మరమ్మతుకి వచ్చిందంటే డాక్‌లో నీళ్లన్నీ తోడేసి, అది పొడిగా నిలబడ్డాకే మమ్మల్ని దాని కిందికి పంపిస్తారు. అంటే సముద్రం లేనిచోట సముద్రప్పని చేసేవాణ్ని. ఒకసారి పెళ్లిచూపుల్లో మధ్యవర్తి "అబ్బాయి షిప్పుల్లో ఉంటాడు" అంటే, పిల్ల తండ్రి మురిసిపోయి "కెప్టెనా బాబూ?" అని అడిగాడు. "కాదండీ, అడుగున పాచి గీకుతాను" అన్నాను. ఆ సంబంధం అక్కడే మునిగిపోయింది.

అలాంటి నన్ను మా అక్క అట్లాంటిక్ సముద్రం దాకా లాక్కెళ్లింది.

మా బావ సింగపూర్లోనే, వన్-నార్త్ అనే చోట ఒక సాఫ్ట్‌వేర్ ఆఫీసులో పెద్ద ఉద్యోగి. మీటింగులకని ఆయన్ని పోర్చుగల్ పంపిస్తే అక్క కూడా బయల్దేరింది. ఆయన ఆఫీసు పనిలో ఉంటే తను ఒక్కతీ ఎక్కడ తిరుగుతుందని నన్ను తోడు తీసుకున్నారు.

"లగేజీ మొయ్యడానికి మనిషి కావాలని తిన్నగా చెప్పొచ్చు కదా బావా" అన్నాను.

"లగేజీలో నువ్వూ ఒకటి. అదీ ఓవర్‌వెయిట్" అన్నారాయన.

మా ఇద్దరి వరస అలాంటిది. ఆయన ఒకటంటే నేను రెండంటాను. కానీ ఎంత వేళాకోళం ఆడినా అక్క మొగుడి మీద చెయ్యెత్తకూడదు. మా వైపు ఆ గీత దాటినవాడికి చుట్టాల ఇళ్లల్లో మంచినీళ్లు కూడా పుట్టవు.

మీటింగులు అయిపోయాక ముగ్గురం కారు తీసుకుని బీచికి పోయాం. కారు తలుపు తెరవగానే గాలి దాన్ని నా చేతిలోంచి లాగి అవతలికి విసిరికొట్టింది. ఎండ కాస్తూనే ఉంది గాని చలి ఎముకల్ని పట్టుకుంది. కంటికి ఆనినంత మేర తెల్లటి ఇసుక. చూడ్డానికి అందంగానే ఉంది. కానీ ఆ ఇసుక ఒకచోట నిలవదు. లేచొచ్చి పిక్కల మీద సూదుల్లా గుచ్చుతుంది, కళ్లల్లో కొడుతుంది. ఇక అలలు! యార్డులో ఇనుప రేకు క్రేన్ మీంచి జారి కింద పడితే గుండె ఒక్కసారి ఆగుతుంది. అక్కడ ప్రతి అలకీ అదే చప్పుడు. మన సింగపూర్ ఈస్ట్ కోస్ట్ పార్కులో సముద్రం పెంపుడు కుక్కలాంటిది. వచ్చి కాళ్లు నాకి వెళ్లిపోతుంది. ఇది గొలుసు తెంపుకున్న కుక్క.

ఇసుకలోకి దిగేచోట ఒక బోర్డు ఉంది. రాతలు వాళ్ల భాషలో ఉన్నాయి. పైన బొమ్మ. అలకి వీపు పెట్టి నిలబడ్డ మనిషి, అతని మీద అడ్డంగా ఎర్రగీత.

"సెల్ఫీలు తీసుకోవద్దంటున్నాడు" అని తేల్చేశారు బావ.

"వద్దంటే వద్దు, పోదాం పదండి" అంది అక్క.

"ఫైన్ ఎంతో రాశాడా? లేదుగా. ఫైన్ లేకపోతే అది రూలు కాదు, సలహా."

ఆ మాట నాకూ సబబుగానే తోచింది. సింగపూర్లో ఉమ్మితే ఇంత, రైల్లో తింటే ఇంత అని బోర్డు మీద అంకె చూసి భయపడటం మాకు అలవాటైపోయింది. అంకె లేని బోర్డుని మాలో ఎవరూ లెక్కచెయ్యరు.

అక్కకి అసలు కోరిక వేరే ఉంది. కొత్త సముద్రం చూశాక మూడు మునకలు వెయ్యకుండా వెళ్లకూడదట. మా శ్రీకాకుళం వైపు మాఘ పౌర్ణమికి అందరూ సముద్ర స్నానానికి పోతారు. చేతులు పట్టుకుని వరసగా నిలబడి, అలకి వీపిస్తారు. ఎదురుగా నిలబడితే ఉప్పునీళ్లు కళ్లల్లో కొడతాయని పెద్దవాళ్లు చిన్నప్పుడే మా భుజాలు పట్టుకుని ఒడ్డువైపు తిప్పేవారు. అల వచ్చి వీపు మీద ఒక్కటి చరుస్తుంది, మునిగి లేస్తాం. మాకు తెలిసిన సముద్రం అంతే.

బావా అక్కా మోకాళ్ల లోతులోకి దిగి, చెయ్యీ చెయ్యీ పట్టుకుని, అట్లాంటిక్‌కి వీపిచ్చి నిలబడ్డారు. నేను వాళ్ల చెప్పులు చంకలో పెట్టుకుని ఫోటో తీస్తున్నాను. దూరంగా కుక్కతో నడుస్తున్న ఒకాయన మమ్మల్ని చూసి రెండు చేతులూ ఊపుతున్నాడు.

"ఎంత మర్యాదస్తులో చూడు" అని అక్క కూడా చెయ్యూపింది.

మొదటి మునకకి బావ వేసిన కేక విమానాశ్రయం దాకా వినిపించి ఉంటుంది. "ఫ్రీజరే ఇది, ఫ్రీజర్!" రెండో మునకకి అక్క పళ్లు టకటకలాడాయి. అప్పుడు నీళ్లు వాళ్ల కాళ్ల దగ్గర్నుంచి వెనక్కి పోయాయి. ఎవరో గుక్కతిప్పుకోకుండా పీల్చినట్టు పోయాయి. నేను ఫోన్లోనే చూశాను. వాళ్ల తలల వెనక గోడ లేచింది. అరిచాను. నా అరుపుని గాలి నా నోట్లోనే కుక్కేసింది. బావ ఫోటో కోసం రెండు వేళ్లు చూపించి నవ్వుతున్నారు.

ఆ అల వాళ్లని తొయ్యలేదు, కొట్టింది. బావ తల ఇసుకలోకి పోయి కాళ్లు పైకి లేచాయి. అక్క గుడ్డముక్కలా చుట్టుకుపోయింది. తర్వాతి క్షణంలో నన్నూ కొట్టింది. గులకరాళ్లు ముఖాన్ని గీరేశాయి. ఫోను పోయింది, చెప్పులు పోయాయి, ఏది పైనో ఏది కిందో తెలియలేదు. లేచి చూసేసరికి వెనక్కి పోయే నీళ్లు వాళ్లిద్దర్నీ ఈడ్చుకుపోతున్నాయి.

బావ ప్రతి ఆదివారం సెరంగూన్‌లో మా అక్కావాళ్ల కాండో అపార్టుమెంటు కొలనులో ఈదే మనిషి. ఆ ఈత ఇక్కడ పనికిరాలేదు. పైకి తేలగానే చేతికి అందిన దాన్ని పట్టుకున్నారు. అందింది అక్క మెడ. రెండు చేతులూ ఆమె మెడకి వేసి, ఆమెని కిందికి తొక్కుతూ తను పైకెక్కుతున్నారు. ఆయన కళ్లు చూశాను. అందులో నేను లేను, అక్క లేదు, ఎవరూ లేరు.

నడుం లోతులో పడుతూ లేస్తూ వెళ్లి ఆయన వేళ్లు పీకబోయాను. యార్డులో బిగించిన క్లాంపులు కూడా అంత గట్టిగా ఉండవు. నా కడుపులో ఒక్క తన్ను తన్నారు. ఉప్పునీళ్లు మింగాను. అక్క ముఖం ఒక్కసారి పైకొచ్చింది. నోటినిండా ఇసుక, పెదవులు నీలంగా ఉన్నాయి. మళ్లీ కిందికి పోయింది. అవతల ఇంకో గోడ లేస్తోంది. అది పడితే అక్క ఇక పైకి రాదు.

కొట్టాను. మొదటి గుద్దు చెవి మీద పడింది, ఆయనకి తెలియనే లేదు. రెండోది ముక్కు మీద, ఒంట్లో ఉన్న బలమంతా పెట్టి కొట్టాను. పటుక్కుమన్నది నా పిడికిలికి తెలిసింది. రక్తం చిమ్మింది, నురగ ఎర్రబడింది, ఆయన చేతులు వదులయ్యాయి. అక్క జుట్టు పట్టుకుని లాగాను. అప్పుడే ఆ అల పడింది. మా ముగ్గుర్నీ మూటకట్టి ఒడ్డు మీదికి విసిరేసింది.

కుక్కాయన పరుగెత్తుకొచ్చి అక్కని పొడి ఇసుకలోకి ఈడ్చాడు. అక్క కదల్లేదు. ఆయన ఆమెని పక్కకి దొర్లించి వీపు మీద అరచేత్తో బాదాడు. నేను దేవుడికి మొక్కలేదు, బావని చంపేద్దామని చూస్తున్నాను. అంతలో అక్క భళ్లున సముద్రాన్ని కక్కింది. దగ్గింది, ఏడ్చింది, ఊపిరి తీసింది. ఆ మనిషి అప్పుడు మా మీద పడ్డాడు. తన భాషలో తిడుతూ, బోర్డుని చూపిస్తూ, తన వీపు తనే చరుచుకుంటూ, వద్దు వద్దని చెయ్యి ఆడించాడు. బోర్డు అర్థం మాకు అప్పుడు తెలిసింది.

విమానంలో బావ ముక్కుకి కట్టుతో కిటికీలోంచి చూస్తూ కూర్చున్నారు. దిగేముందు నా వైపు తిరిగి, "నాకేం గుర్తు లేదు. ఎవరైనా అడిగితే అల కొట్టిందని చెప్తాను" అన్నారు.

"అలే బావా" అన్నాను. అంతకంటే మంచి జోకు నాకు దొరకలేదు.

ఆయనకి గుర్తు లేనిది తన చేతులు చేసిన పనో, నా చెయ్యి చేసిన పనో నేను అడగలేదు. కొన్నాళ్లు వాళ్లింటికి వెళ్లడం మానేశాను. కానీ లోపల్లోపల నాకు గొప్పగానే ఉండేది. అక్క ప్రాణం కోసం గీత దాటిన తమ్ముణ్ని! యార్డులో తోటివాళ్లకి అల ఎత్తు పెంచుతూ, నా గుద్దు బరువు పెంచుతూ చెప్పుకున్నాను.

తర్వాత ఒక ఆదివారం అక్కే పిలిచింది. బావ కింద కొలనులో ఉన్నారు. అక్క వంటింట్లో చేపలు వేయిస్తోంది. ఇక ఆగలేకపోయాను.

"అక్కా, నువ్వేమనుకున్నా సరే. ఆ రోజు నేను గుద్దకపోతే బావ నీ మెడ వదిలేవారా చెప్పు?"

అక్క చేపముక్క తిరగేసింది.

"ఏట్రా నీ గొప్ప? నువ్వు గుద్దేసరికే ఆయన చెయ్యి కండూడేలాగ కరిచీసాను. అప్పుడే వదిలీసారు. మరి ఆ ముక్కెందుకు పగలగొట్టీసావురా?"