సురేష్ నాలుగు సిలిండర్ల బండి, వెనక టైరు మీద బొట్టు

నిన్న పొద్దున షాపు షట్టర్ సగమే లేపాను. ఫోన్ మోగింది.

సురేష్ వాళ్ల అన్న, మహేశన్న. యాక్సిడెంట్ అన్నాడు, దవాఖాన పేరు చెప్పాడు, ఏడ్చాడు. షట్టర్ అట్లనే వదిలేసి ఎల్బీ నగర్ దాకా వెళ్లాను. వెళ్లేసరికే సురేష్ లేడు.

ఇంకా నమ్మబుద్ధి కావడం లేదు.

మేము దవాఖాన బయట నిలబడి ఉండగానే గ్రూపుల్లో ఫార్వర్డ్‌లు మొదలయ్యాయి. "సూపర్ బైక్, ఓవర్ స్పీడ్, యువకుడి మృతి." రాసినవాడు బండిని చూశాడా? సురేష్ పడ్డ చోటు చూశాడా?

తెలియనివాళ్ల కోసం చెబుతున్నా. సురేష్, నేను కొత్తపేటలో ఒకే షాపులో గేట్లు, గ్రిల్స్ వెల్డింగ్ చేస్తాం. ఇద్దరిదీ నల్గొండ వైపే. బండ్ల పిచ్చి కూడా ఇద్దరికీ సమానమే. ఎవరూ నేర్పలేదు, విప్పి చూసి నేర్చుకున్నాం.

వాడి పాత బండి రెండు సిలిండర్ల స్పోర్ట్ బైక్. కోపిష్టి బండి. యాక్సిలరేటర్ కొంచెం తిప్పితే చాలు, ఇంజిన్ మెల్లగా తిరుగుతున్నప్పుడే, కింది నుంచే లాగేది. వాడు దాన్ని పిచ్చిగానే నడిపాడు. దాస్తే ఏమొస్తుంది? నేను ఎన్నిసార్లు తిట్టానో నాకే లెక్క లేదు.

పోయిన నెల అది అమ్మి, దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక సెకండ్ హ్యాండ్ షాపులో నాలుగు సిలిండర్ల బండి తీసుకున్నాడు.

నాలుగు సిలిండర్లంటే డబుల్ స్పీడ్ అనుకుంటారు అందరూ. వాడు మాత్రం సగం స్పీడుకు వచ్చాడు.

మొదటి రోజు నేను వెనక కూర్చున్నా. సిగ్నల్ పడింది. పాత అలవాటులోనే కొంచెం తిప్పాడు. బండి కదిలీ కదలనట్టు కదిలింది. వెనక ఆటోవాడు హారన్ మీద హారన్. పక్క నుంచి స్కూటీ మీద ఒక ఆంటీ మమ్మల్ని దాటేసి వెళ్లిపోయింది. నేను పడీ పడీ నవ్వాను. గింత పెట్టి కొన్నది స్కూటీ ఎనక పోనీకేనా అని గెలికాను.

వాడు నవ్వలేదు.

"ఇది కింద నిద్ర పోతదిరా. పైకి పోయినంక ఒక్కపారే లేస్తది. గా లేసే కాడికి నేను ఇప్పుడే పోను. నా చెయ్యింకా పాత బండిదే."

అట్లా అన్నవాడు ఓవర్ స్పీడా?

ఇప్పుడు నా అనుమానం చెబుతా. ఎవరికి కోపం వచ్చినా సరే.

బండి ఇచ్చిన రోజు పూజ కూడా ఆ సెకండ్ హ్యాండ్ షాపు ఓనరే చేశాడు. కొబ్బరికాయ, టైర్ల కింద నిమ్మకాయలు, అంతా మామూలే. మన దగ్గర బొట్లు హెడ్‌లైట్‌కు, ట్యాంకుకు పెడతారు. ఆయన కింద కూర్చుని మరీ వెనక టైరు పక్కన కూడా పెట్టాడు. పసుపు కుంకుమ నూనెలో కలిపి, దళసరిగా. టైర్లు పాలిష్‌తో నల్లగా మెరుస్తున్నాయి.

ప్రతి టైరు మీద అది ఎప్పుడు తయారైందో నంబర్ ఉంటుంది. ఆ టైరుకు ఒక వైపే ఉంది. బొట్టు కూడా ఆ వైపే, సరిగ్గా దాని మీదే.

తుడిచి చూద్దామని బొటనవేలు పెట్టాను. సురేష్ నా చెయ్యి పట్టుకున్నాడు.

"తుడవకురా, అమ్మ ఊకోదు. దానంతటదే పోనీ."

మన ఇళ్లల్లో అంతే కదా. కొత్త బండి బొట్టు ఎవరూ తుడవరు.

నిన్న సన్నగా వాన. గేటు కొలతల కోసం ఎల్బీ నగర్ వెళ్తున్నాడు. మలుపులో వెనక టైరు జారింది. పక్కనే బస్సు. అక్కడి చాయ్ బండి ఆయన్ని నేనే అడిగాను. మెల్లగనే వచ్చాడని చెప్పాడు.

వాడిని ఇంటికి తేకముందే షాపు ఓనర్ మహేశన్నకు ఫోన్ చేశాడు. మీరు పరేషాన్ కావొద్దు, పోలీస్ స్టేషన్ నుంచి బండి నేనే తెచ్చుకుంటా, ఒక్క సంతకం పెట్టండి చాలు అన్నాడట. ఆయనకు అంత తొందరగా ఎవరు చెప్పారు? బండి అమ్మేటప్పుడు లేని ప్రేమ ఇప్పుడు ఎక్కడి నుంచి వచ్చింది?

మహేశన్న సరే అనేశాడు. నేను కొట్లాడాను.

"వాడే లేనప్పుడు బండేం చేసుకుంటం తమ్మీ. కండ్ల ముంగట లేకుంటెనే మంచిది."

నేను ఒకటే చెప్పాను. తప్పు సురేష్‌దే అయితే సురేష్‌దే అని నేనే రాస్తా. కానీ చూశాకే రాస్తా.

ఈ పొద్దున ఇద్దరం స్టేషన్‌కు వెళ్లాం. ఇంటివాళ్లనే లోపలికి పంపుతామన్నారు. నేను గేటు దగ్గరే ఆగాను. మహేశన్న కానిస్టేబుల్‌తో వెళ్లి, తడి రుమాలుతో బొట్టు తుడిచి నంబర్ చూశాడు.

తిరిగి వచ్చి ఆ రుమాలు నా చేతిలో పెట్టాడు. అన్న కూతురు రెండో తరగతి చదువుతోంది.

"మా పాప పుట్టకముందు టైరు తమ్మీ అది. గోరు గుచ్చితె దిగుతలేదు."

అంత గట్టిపడిన రబ్బరు తడి రోడ్డును ఎట్లా పట్టుకుంటుంది?

అప్పుడే మళ్లీ ఓనర్ ఫోన్. మహేశన్న స్పీకర్ పెట్టి, ఆయన్ని మాట్లాడనియ్యకుండా తనే అన్నాడు.

"బండి ఈడనే ఉంటది. నువ్వే రా. సార్ల ముంగట మాట్లాడుకుందాం."

అంతే. కట్ చేశాడు. సంతకం పెట్టలేదు.

ఆ ఫార్వర్డ్ ఎవరి ఫోన్లో ఉన్నా డిలీట్ చేయండి. వాడి ఫోటో కింద "రైడ్ సేఫ్" అని నీతులు పెట్టకండి.

ఇంకో మాట. సురేష్ ఇంటికి వచ్చేవాళ్లు వాళ్ల అమ్మ ముందు టైరు సంగతి, బొట్టు సంగతి ఎత్తకండి. తుడవొద్దని ఆమె అననే లేదు, ఆమె పేరు చెప్పి వాడే అన్నాడు. అయినా తెలిస్తే అదంతా తన మీదే వేసుకుంటుంది. ఆమె ఫేస్‌బుక్ చూడదు. దయచేసి మీరూ చెప్పొద్దు.

పోయిరా సురేష్. ఇక్కడి లొల్లి మేం చూసుకుంటం. నువ్వు నిమ్మళంగా ఉండు.